విరిగే కత్తులతో వేగడం ఎలా?

మీ సంచిలో ఎనిమిది ఆయుధాలకు చోటుంది. ఏడు చోట్ల మంచి కత్తులు, బల్లేలు సర్దుకున్నారు. ఎనిమిదో చోట ఒక చెట్టుకొమ్మ. ఎదురుగా ఒక్క బొకోబ్లిన్ వచ్చాడు. మీ చెయ్యి దేనిమీదికి పోయింది? కొమ్మ మీదికే కదా! నాలుగు దెబ్బలకి అది ఫట్‌మంది. వాడికి ఇంకా సగం ప్రాణం ఉంది. పోనీ ఇప్పుడైనా మంచి కత్తి తీశారా? లేదు. వెనక్కి తిరిగి పరుగు లంకించుకున్నారు. వీపున ఏడు కత్తులు పెట్టుకుని, ఒక్క పందిముక్కువాడికి భయపడి!

అవునంటారా? అయితే ఈ అధ్యాయం మీకోసమే.

2017 మార్చి 3న 'ద లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' విడుదలైన నాటి నుంచి ఈ గోల నడుస్తూనే ఉంది. 2023 మే 12న దాని తరవాతి భాగం 'టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్' వచ్చాక కూడా సద్దుమణగలేదు. మన వైపు ఈ ఆటలు ఆడే స్విచ్ మెషీన్ చాలావరకు డల్లాస్ నుంచో సింగపూర్ నుంచో వచ్చే బావల సూట్‌కేసుల్లోనే దిగుతుంది. అది చేతికొచ్చిన వారానికి, రాజమండ్రి కుర్రాడైనా భీమవరం అమ్మాయైనా బావకి ఫోన్ చేసి అడిగేది ఒకటే: "బావా, ఈ కత్తులేంటి, అట్టముక్కలతో చేశారా?"

అడగడంలో తప్పులేదు. మన ఇళ్లలో వీరుడంటే విఠలాచార్య సినిమాలో వీరుడే. కత్తి కాంతారావు చేతిలో కత్తి సగం యుద్ధంలో విరిగిపోయి, ఆయన పక్కనున్న భటుడి బరిసె లాక్కుని పోరాటం సాగించినట్టు మీకెక్కడైనా గుర్తుందా? నాకైతే లేదు. ఒక వీరుడు, ఒక కత్తి, చివరిదాకా అదే కత్తి. ఈ ఆట ఆ లెక్కని మొదటి గంటలోనే తలకిందులు చేస్తుంది. కోపం రాక ఏమవుతుంది?

అయితే ఒక్క మాట అడుగుతాను. మీరు ఫోన్‌లో బీజీఎంఐ ఆడతారా? అందులో వెస్టుకీ హెల్మెట్‌కీ మన్నిక ఉంటుంది కదా. నాలుగు తూటాలు తగిలి వెస్టు చివికిపోతే మీరేం చేస్తారు? పడిపోయినవాడి పెట్టె తెరిచి, వాడి వెస్టు తొడుక్కుని, పాతది అక్కడే వదిలేసి పోతారు. ఒక్క క్షణం బాధపడతారా? మరి వెస్టు దగ్గర లేని మమకారం కత్తి దగ్గర ఎందుకు? కత్తిని మీరు ఆస్తి అనుకుంటున్నారు. వెస్టుని ఖర్చు అనుకుంటున్నారు. ఈ ఆటలో రెండూ ఖర్చే. ఇది బుర్రకెక్కితే చేతికి ఎక్కడం తేలిక. ఇక పనిలోకి దిగుదాం.

1. మీ ఆట ఏ జాతిదో ముందు తేల్చుకోండి

ఆయుధం అరిగే ఆటలన్నీ ఒకటి కావు. కొన్నింటిలో అరిగితే పోతుంది, తిరిగి రాదు. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ ఈ జాతి. కొన్నింటిలో పదును తగ్గుతుంది గానీ కత్తి మీ దగ్గరే ఉంటుంది. 2015లో వచ్చిన 'ద విచర్ 3'లో మన్నిక తగ్గినకొద్దీ దెబ్బ బలం తగ్గుతుంది, కమ్మరి దగ్గరికి వెళ్లినా రిపేర్ కిట్ వాడినా మళ్లీ మామూలవుతుంది. 2008 నాటి 'ఫాల్అవుట్ 3'లో ఒక తుపాకీని బాగు చేయాలంటే అలాంటిదే ఇంకో తుపాకీ బలి ఇవ్వాలి. అదే ఏడాది వచ్చిన 'ఫార్ క్రై 2' మరీ దుర్మార్గం. శత్రువు దగ్గర లాక్కున్న తుపాకీ తుప్పు పట్టి ఉంటుంది, సరిగ్గా కాల్చాల్సిన సమయానికి ఇరుక్కుపోతుంది. 2015 నాటి 'డయింగ్ లైట్' మధ్యేమార్గం: బాగు చేసుకోవచ్చు, కానీ ఒక్కో ఆయుధానికి ఇన్నిసార్లే అని హద్దు.

విచర్ అలవాటుతో జెల్డా ఆడితే ఏడుపే మిగులుతుంది. విచర్‌లో ఒక మంచి కత్తి పట్టుకుని దాన్ని కాపాడుకోవడం తెలివి. జెల్డాలో అదే పని తెలివితక్కువ. కాబట్టి కొత్త ఆట మొదలుపెట్టగానే ఒక పనికిమాలిన ఆయుధాన్ని కావాలని చివరిదాకా వాడి చూడండి. మాయమైందా? మొద్దుబారిందా? బాగు చేసే బల్ల దగ్గరికి వెళ్లమని ఆట చెప్పిందా? పది నిమిషాల పని.

2. గుప్తనిధి తవ్వకండి

అమలాపురంలో ఒక ఇంటర్ కుర్రాడు ఉన్నాడనుకుందాం. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో వాడికో రాయల్ బ్రాడ్‌సోర్డ్ దొరికింది. "ఇది ఆఖరి శత్రువు గానన్ కోసం" అన్నాడు. మర్నాడు మంచు కత్తి దొరికింది. "ఇదీ గానన్ కోసమే." నెల తిరిగేసరికి సంచి నిండింది. ఇప్పుడు కొత్త పెట్టె తెరిస్తే, చోటు లేదని ఆట దాన్ని మళ్లీ మూసేస్తోంది. ఉన్నవి వాడడు, కొత్తవి పుచ్చుకోలేడు. దారిలో గుంపు కనిపిస్తే చుట్టూ తిరిగి పోతాడు. ఇంత పెద్ద లోకంలో వాడు ఆడుతున్నది కాపలా ఆట.

సరే, చివరికి గానన్ ఉండే హైరూల్ కోటకి వెళ్లాడు. అక్కడేం ఉంది? కోట గదుల నిండా రాయల్ కత్తులు, రాయల్ గార్డ్ ఆయుధాలు, డాళ్లు, విల్లులు. ఎంత దూరం నుంచి మోసుకొచ్చాడో అంతకన్నా ఎక్కువ అక్కడే గోడలకి ఆనించి ఉన్నాయి. పెళ్లి భోజనానికి వెళుతూ ఇంటి నుంచి క్యారేజీ కట్టుకెళ్లడం లాంటిది ఇది. పైగా ఆఖరి ఘట్టంలో వాడాల్సిన వెలుగు విల్లుని ఆటే చేతికిస్తుంది. గానన్ పడ్డాక ఏమవుతుందో తెలుసా? ఆట మిమ్మల్ని ఆ యుద్ధానికి ముందు సేవ్ చేసిన చోటికే తీసుకొచ్చి వదులుతుంది. అంటే "తరవాత వాడదాం" అనుకున్న ఆ తరవాత ఎప్పటికీ రాదు.

మరి ఎలా సర్దుకోవాలి? నేను చెప్పే పద్ధతి ఇది. రెండు చోట్లు పెద్ద దెబ్బలాటకి. ఒకటి నిప్పుదో మంచుదో మెరుపుదో. ఒకటి చెట్లు నరకడానికి, ఒకటి రాళ్లు కొట్టడానికి. మిగిలినవన్నీ రోజువారీ వాడకానికి. పెద్ద దెబ్బలాట కోసం పెట్టుకున్న రెండింటి కన్నా మంచిది మూడోది దొరికిందా? ఆ మూడింటిలో బలహీనమైనదాన్ని ఆ పూటే వాడి పారేయండి. ఇదొక్కటి నియమంగా పెట్టుకుంటే చాలు, మిగతావి మీ ఇష్టం.

"లేదండీ, ఆ కత్తి చూస్తేనే నాకు ప్రాణం లేచొస్తుంది, విరగ్గొట్టలేను" అంటారా? దానికీ దారి ఉంది. హటెనో ఊళ్లో పాడుబడ్డ ఇల్లొకటి 3,000 రూపీలు, 30 కట్టెల మోపులు ఇస్తే మీదవుతుంది. (రూపీలంటే ఆ ఆటలో డబ్బు. మన రూపాయలు కావు, కంగారుపడకండి.) ఇంకొంచెం చెల్లిస్తే గోడలకి ఆయుధాలు తగిలించే కొక్కేలు వేయిస్తారు. ప్రాణప్రదమైన మూడు కత్తులు అక్కడ తగిలించుకుని రోజూ చూసుకోండి. సంచిలో మాత్రం మోయకండి.

3. కత్తితో చేయకూడని పనులు కత్తితో చేయకండి

కత్తులు శత్రువుల మీద విరిగేది ఎంతో, చెట్ల మీద, గనుల మీద విరిగేదీ అంతే అనిపిస్తుంది నాకు కొత్తవాళ్ల ఆట చూస్తుంటే. రత్నపురాయి కనిపించగానే చేతిలో ఉన్న కత్తితో ఠంగు ఠంగున కొట్టేస్తారు. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో మీ దగ్గర తరగని బాంబులున్నాయి కదండీ! ఒకటి పెట్టి పేల్చండి. చెట్టుకీ అదే మందు. బాంబు వద్దనుకుంటే కట్టెలు కొట్టే గొడ్డలి ఉంచుకోండి. ట్రావెలర్స్ సోర్డ్ ఇరవై దెబ్బలకి పోతే ఆ గొడ్డలి నలభై పైన కాస్తుంది. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో ఆ తరగని బాంబుల్లేవు. అక్కడ ఏదో ఒక పాత ఆయుధానికి బండరాయి అతికించి దాన్ని సుత్తిగా వాడుకోండి.

ఈ లెక్కలు ఆట మీకు అంకెల్లో చూపించదు. చూపించేవి రెండే. ఒక్కసారీ వాడని ఆయుధం సంచిలో మిలమిల మెరుస్తుంది. విరగబోయేది ఎర్రగా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. మధ్యలో ఎంత మిగిలిందో చేతి అలవాటుతో తెలుసుకోవాల్సిందే.

మైన్‌క్రాఫ్ట్ వాళ్లకి ఈ సంగతి ఇంకా ముఖ్యం. కాకినాడలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి హాస్టల్ గదిలో రాత్రి పదకొండింటికి కత్తితో చెక్కపలకలు పగలగొడుతోందనుకోండి. శత్రువుని కొడితే కత్తికి ఒక పాయింటు పోతుంది. పలకని కొడితే రెండు. గునపంతో జాంబీని కొట్టినా రెండే. ఎవరి పని వాళ్లు చేస్తే సగం ఖర్చు మిగులుతుంది. ఇక ఏ గునపం ఎంత కాస్తుందంటారా? చెక్కది 59 దెబ్బలు, రాతిది 131, ఇనుపది 250, వజ్రానిది 1,561, నెథరైట్‌ది 2,031. బంగారు గునపం? 32. అవును, చెక్కకన్నా తక్కువ. తవ్వడం చకచకా తవ్వుతుంది, అంతే చకచకా పోతుంది. బంగారం అనగానే మనకి దాచబుద్ధేస్తుంది గానీ ఈ ఆటలో అది దాచేంత సరుకు కాదు.

4. ఒక్క దెబ్బ ఖర్చుతో పది దెబ్బల పని

మన్నిక తరిగేది దెబ్బల లెక్కన. బలం లెక్కన కాదు. ఇది గమనిస్తే సగం సమస్య పోతుంది. మీరు చిన్న దెబ్బ కొట్టినా, ఎనిమిదింతల దెబ్బ కొట్టినా కత్తికి పోయేది ఒక్క దెబ్బే. మరి చిన్నవి ఎందుకు కొట్టడం?

బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో శత్రువు మిమ్మల్ని చూడకముందు వెనక నుంచి పిల్లిలా వెళ్లి వేసే దెబ్బ ఎనిమిదింతలు పడుతుంది. మామూలుగా ఎదురెళ్లి నరికితే ఆరేడు దెబ్బలు ఖర్చయ్యే బొకోబ్లిన్, ఒక్క దెబ్బకి పోతాడు. రాత్రిపూట వాళ్లు నిద్రపోతారు. మీరెందుకు పగలే వెళుతున్నారు?

మంచు బాణంతో గడ్డకట్టించి, ఆ వెంటనే పెద్ద ఆయుధానికి మారి ఒక్కటి వేయండి. మూడింతలు తగులుతుంది. గట్టుమీద బండరాయి ఉంటే దొర్లించండి. ఎర్రపీపా ఉంటే ఒక నిప్పు బాణం చాలు. ఈ చివరి రెండూ కత్తి ముట్టని పనులు.

ఇక లైనెల్. సింహం మొహం, గుర్రం ఒళ్లు, చేతిలో మీకన్నా పెద్ద కత్తి. చాలామంది దాన్ని చూసి దారి మారుస్తారు, "నా కత్తులన్నీ దీనికే సరి" అని. నిజానికి మన్నిక లెక్కలో లైనెల్ అంత లాభసాటి బేరం ఆటలో ఇంకోటి లేదు. మొహానికి బాణం తగిలి అది మోకాళ్ల మీద కూలినప్పుడు దగ్గరికి పరుగెత్తి దాని వీపెక్కండి. వీపు మీద ఉన్నంతసేపు మీరు కొట్టే దెబ్బలకి కత్తి అరగదు. ఒక్క పాయింటు కూడా. కాబట్టి ఎక్కేముందు మీ దగ్గరున్న వాటన్నిటిలో బలమైనది చేతిలోకి తీసుకోండి. అది ఎర్రగా మెరుస్తున్నా సరే, విరగబోయేదైనా సరే. దిగిపోగానే మామూలు కత్తికి మారిపోండి. మళ్లీ మొహానికి బాణం, మళ్లీ వీపు. లైనెల్ పడ్డాక దాని కత్తి, డాలు, విల్లు మీవి. పెట్టింది కొద్ది బాణాలు, పట్టింది ఆటలోకెల్లా బలమైన ఆయుధాలు. ఇప్పుడు చెప్పండి, దారి మార్చడం లాభమా?

5. విరగబోయేదాన్ని విసరండి

ఎర్రగా మెరిసిందా? "అయ్యో, ఇంకో రెండు దెబ్బలు వస్తాయేమో" అని లోపల పెట్టుకోకండి. అలా పెట్టుకున్నవే చివరికి నాలుగు చోట్లు ఆక్రమిస్తాయి. ఆయుధం విరిగే ఆ ఆఖరి దెబ్బకి రెట్టింపు బలం ఉంటుంది. విసిరి కొట్టినా అంతే. దూరం నుంచి మొహాన విసిరితే శత్రువు వెల్లకిలా పడతాడు, ఆ సందులో ఇంకో కత్తి తీసుకునే తీరిక మీకు దొరుకుతుంది. కొత్తవాళ్లు విరగడాన్ని శిక్ష అనుకుంటారు. ఆట తయారుచేసినవాళ్లు దాన్ని బహుమతిలాగే అమర్చారు. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో రాయల్ గార్డ్ కత్తి మరీ విచిత్రం, విరగడానికి సిద్ధంగా ఉన్నప్పుడే దాని బలం రెట్టింపవుతుంది. దాన్ని పెట్టెలో దాచేవాడిని ఏమనాలి?

6. ఎదుటివాడి చేతిలోది చూడండి

ఈ సూత్రం మనకి కొత్తది కాదు. గోదావరికి ఎగువనున్న మన్యంలో 1922లో జరిగిందే. అల్లూరి సీతారామరాజు పోరాటం మొదలుపెట్టినప్పుడు ఆయన మనుషుల దగ్గర తుపాకుల గిడ్డంగి ఏమీ లేదు. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి: మూడు రోజుల్లో మూడు పోలీస్ స్టేషన్లు. చేతికొచ్చినవి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు. ఎవరితో పోరాడాలో వాళ్ల ఆయుధాలతోనే పోరాటం మొదలైంది. ప్రాణాలు పణంగా పెట్టిన పోరాటాన్ని ఆటతో కలపడం నా ఉద్దేశం కాదు. ఆయుధం లేనివాడు దాన్ని ఎక్కడ వెతుక్కోవాలన్న ప్రశ్నకి మన నేల మీద దొరికే స్పష్టమైన జవాబు అది, అంతే.

ఆటలో ఎలా? బొకోబ్లిన్‌లు నిద్రపోయేటప్పుడు ఆయుధాలు పక్కన పడేసి పడుకుంటారు. చప్పుడు కాకుండా వెళ్లి ముందు ఆయుధాలు ఎత్తేయండి, తరవాత దెబ్బలాట. లేచి చూసుకుంటే వాళ్లకి రాళ్లు తప్ప ఏమీ ఉండవు. మెలకువగా ఉన్నవాళ్ల మీద మెరుపు బాణం వేయండి. షాక్ తగిలితే చేతిలోది జారవిడుస్తారు. వాడు ఒంగి తీసుకునేలోపు మీరు తీసుకోండి. వాడి బల్లెంతో వాడినే పొడవండి, మీ సంచిలోది ఖర్చు కాలేదు.

గుంపు మీదికి వెళ్లేముందు ఒక్క నిమిషం గట్టు మీద కూచుని చూడండి. ఎవడి చేతిలో ఏముంది? మంచిది ఎవడి దగ్గరుంది? వాడిని ముందు పడగొట్టి, వాడిదే తీసుకుని మిగతావాళ్ల పని పట్టండి. గుంపు అయిపోయేసరికి వెళ్లినప్పటికన్నా ఎక్కువ ఆయుధాలతో తిరిగి రావాలి. అలా రావడం లేదంటే మీరు గుంపుని తప్పుగా ఎంచుకున్నారని, బోలెడంత ప్రాణమున్నవాడి మీదికి చెత్త ఆయుధంతో వెళ్లారని అర్థం.

ఊరంతా ఊడ్చేశాక ఏంటంటారా? ఎర్ర చంద్రుడు ఉన్నాడు కదా. ఆటలో సుమారు ఏడు రోజులకి, అంటే మన గడియారంలో రెండు గంటల 48 నిమిషాలు ఆడితే వస్తాడు. చచ్చిన శత్రువులు లేస్తారు, బయట నేలమీద దొరికే ఆయుధాలు మళ్లీ అక్కడే ఉంటాయి. మంచి కత్తి దొరికిన చోటుకి మ్యాపులో గుర్తు పెట్టుకోండి. అది మీ పొలం. కోతకి వెళ్లి రావడమే.

7. బాగు చేసుకునే దారులు కొన్ని ఉన్నాయి

పూర్తిగా లేవనుకోకండి. టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లో రాక్ ఆక్టోరాక్ అనే జంతువు ఉంది. నోరు తెరిచి గాలి పీల్చేటప్పుడు ముందు ఆయుధం పడేస్తే మింగి ఉమ్మేస్తుంది. కొత్తదానిలా వస్తుంది. ఒక్కో జంతువు ఒక్కసారే, మళ్లీ ఎర్ర చంద్రుడు వచ్చేదాకా. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో అదే జంతువు తుప్పు కత్తుల్ని బాగు చేస్తుంది. మీఫా త్రిశూలం విరిగితే ఏడవకండి. ఒక జోరా బల్లెం, అయిదు చెకుముకి రాళ్లు, ఒక వజ్రం తీసుకెళితే జోరా ఊళ్లో కమ్మరి మళ్లీ చేసిస్తాడు. వజ్రం ఖరీదు చూస్తే దాన్ని రోజువారీ వాడరు లెండి.

మాస్టర్ సోర్డ్ విరగదు. శక్తి అయిపోతే పది నిమిషాలు పక్కన పెట్టాలి, అంతే. 13 గుండెలు సంపాదించాకే అది చెట్టు దగ్గర నుంచి ఊడి వస్తుంది. గార్డియన్‌లనే యంత్రాల ముందు, గానన్ ముందు దాని బలం 30 నుంచి 60 అవుతుంది. దీన్ని కూడా దాచేవాళ్లున్నారంటే నమ్ముతారా? తనంతట తాను నిండే కత్తిని దాచడం ఏ లెక్క? శక్తి ఉన్నంతసేపు ముందు దాన్నే వాడండి, అయిపోయాక మిగతావి తీయండి.

మైన్‌క్రాఫ్ట్‌లో బాగు చేసే దారులు ఎక్కువ, జారిపడే చోట్లూ ఎక్కువే. మంత్రం వేసిన గునపాన్ని సానరాయి బల్ల మీద ఇంకోదానితో కలిపారా? మన్నిక వచ్చింది, మంత్రాలు పోయాయి. ఇది నెలల కష్టాన్ని ఒక్క నొక్కుతో పోగొట్టే తప్పు. మంత్రాలున్న వాటిని దాగలి మీదే కలపండి. అయితే కలిపిన ప్రతిసారీ ధర పెరుగుతూ పోయి, 39 లెవెళ్లు దాటితే దాగలి ఇక చేయనంటుంది. అందుకని మంచి గునపానికి మొదట్లోనే మెండింగ్ మంత్రం వేయించండి. మీరు సంపాదించే ఒక్కో అనుభవ పాయింటుకి రెండు పాయింట్ల మన్నిక తిరిగొస్తుంది. గ్రామంలో పుస్తకాలవాడి దగ్గర ఆ మంత్రం దొరికేదాకా బేరం మార్చి మార్చి చూడండి. ఆ ఓపిక దండగ కాదు.

8. సంచి పెంచుకోండి

చిన్న విషయం. కొరోక్ విత్తనాలు ఏరి హెస్టూ అనే పాత్రకి ఇస్తే చోట్లు పెరుగుతాయి. మొదటి చోటుకి ఒక్కటి చాలు, తరవాత ధర పెరుగుతుంది. బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లో మొత్తం 900 ఉన్నాయి గానీ అన్ని చోట్లూ తెరవడానికి 441 సరిపోతాయి. 900 పూర్తిచేస్తే ఏమిస్తాడో ఇక్కడ చెప్పను. అన్నం తింటూ చదివేవాళ్లు ఉండొచ్చు.

ఎక్కువమంది చేసే తప్పులు

కత్తి విరగగానే పాత సేవ్‌ని లోడ్ చేయడం. ఇది అన్నిటికన్నా చెడ్డ అలవాటు. ఒక కత్తి కోసం పావుగంట ఆట వెనక్కి పోతుంది. ఆ పావుగంటలో రెండు కత్తులు సంపాదించి ఉండేవారు.

ఇంకోటి, ఒక్క తరహా ఆయుధానికే అతుక్కుపోవడం. "నాకు బల్లెం చేతకాదండీ" అంటారు. చేతకాక కాదు, కత్తులున్నంతకాలం బల్లెం ముట్టుకోలేదు కాబట్టి. విరగడమనే ఏర్పాటు లేకపోతే చాలామంది ఆట మొత్తం ఒకే కత్తితో, ఒకే బటన్‌తో ముగిస్తారు. నిన్న బల్లెం, ఇవాళ రెండు చేతుల గొడ్డలి, రేపు కుండ మూత. అవును, కుండ మూత కూడా. సరిగ్గా సమయానికి నెడితే గార్డియన్ లేజర్‌ని తిప్పికొట్టడానికి అదే చాలు. దానికోసం హైలియన్ డాలు అరగదీయక్కర్లేదు.

ఇక మూడోది పండగ తప్పు. సంక్రాంతికి తణుకులో అమ్మమ్మగారింటికి పిల్లలందరూ చేరారు. స్విచ్ ఒకటే. మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక చిన్నాడు దాన్ని తీశాడు. సాయంత్రం పెద్దాడు తెరిచి చూస్తే సంచి ఖాళీ.

"ఒరేయ్, నా మెరుపు కత్తులేవిరా?"

"చెట్లు కొట్టానన్నయ్యా. భలే మెరుపులొచ్చాయి."

తరవాత జరిగింది రాయక్కర్లేదు, అమ్మమ్మ వచ్చి విడదీసేదాకా ఆగలేదు. దీనికి మందు సులువు. స్విచ్‌లో ఒక్కో మనిషికి ఒక్కో యూజర్ పెట్టుకోవచ్చు. ఎవరి సేవ్ వాళ్లదే. భోగి ముందు రోజే చిన్నాడి పేరుతో ఇంకోటి తెరిచి పెట్టండి.

ఇదంతా చదివినా చెయ్యి రావడం లేదా? ఒక సాధన చెబుతాను. మ్యాపులో ఆగ్నేయం మూల సముద్రంలో ఈవెంటైడ్ అనే దీవి ఉంది. అక్కడ అడుగు పెట్టగానే ఆట మీ ఆయుధాలు, బట్టలు, తిండి అన్నీ తీసేసుకుంటుంది. ఉత్త చేతులతో మొదలుపెట్టాలి. దొరికిన కర్రతో, లాక్కున్న బల్లెంతో, దొర్లించిన రాయితో మూడు గోళాలు మూడు చోట్లకి చేర్చాలి. మొదటిసారి చిరాకేస్తుంది. రెండోసారికి గట్టెక్కి చూడడం వస్తుంది. బయటికొస్తే మీవన్నీ మీకే తిరిగి ఇచ్చేస్తుంది కాబట్టి పోయేదేమీ లేదు. ఆ దీవి పూర్తిచేశాక మీ సంచి తెరిచి చూసుకోండి. నిన్నటిదాకా దాచిన వాటిలో ఏ రెండు ఈ రాత్రి విరగ్గొట్టాలో మీకే తోస్తుంది.

అప్పటికీ నచ్చకపోతే? నచ్చాలని రూలేమీ లేదండీ. కొందరికి ఒకే కత్తితో ఊరేగడంలోనే ఆనందం. 2022లో వచ్చిన 'ఎల్డెన్ రింగ్'లో ఆయుధం అరగదు. 2006 నాటి 'ఆబ్లివియన్'లో రిపేర్ సుత్తులు మోయించినవాళ్లే 2011లో 'స్కైరిమ్' చేసేటప్పుడు ఆ బాధ మొత్తం ఎత్తేశారు. అక్కడ కొన్న కత్తి ఆట అయిపోయేదాకా మీదే. కాకపోతే స్కైరిమ్‌లో ఎంత బరువు మోయాలో హద్దుంది, దాటితే మీ వీరుడు పరుగెత్తలేడు. ఆ మూటల గొడవ వచ్చే అధ్యాయంలో చూద్దాం.